రేపల్లె చీకట్లో పద్యం

కరెంటు పోయినప్పుడు మా అత్త పాడిన పద్యం ఒకటుంది. ఆ పద్యాన్ని ఒక సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ మింగేస్తుంటే, దానిచేత కక్కించడానికి నేను పడ్డ తిప్పలు ఇవి. ముందే చెప్పేస్తున్నాను, చివరికి నేనే గెలిచాను. ఓడిపోయి ఉంటే ఇది రాసేదాన్నే కాదు.

మాది తెనాలి. నాకు కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. మా నాన్న పెళ్లిళ్లకు వీడియో తీసేవారు, పెళ్లిళ్లు లేని రోజుల్లో పౌరాణిక నాటకాలు తీసేవారు. పెళ్లిళ్లు పొట్టకోసం, నాటకాలు సరదాకోసం. ఇంట్లో మాతో ఉర్దూలో మాట్లాడే మనిషి, హార్మోనియం మోగితే చాలు, తెలుగు పద్యంలో పడి కొట్టుకుపోయేవారు. పద్యం మొదలైతే కళ్లు మూసుకుని తల ఊపుతారని, అలాంటి మనిషి వీడియో ఎలా తీస్తాడని అమ్మ నవ్వేది. అది నిజమే. ఆయన తీసిన క్యాసెట్లలో రాజుగారు ఒకపక్క గొంతెత్తి పాడుతుంటే కెమెరా మాత్రం తెర అంచుకు కుట్టిన జరీని చూపిస్తూ ఉంటుంది.

ఆ నాటకాల్లో రాణి వేషాలు కట్టిన ఆవిడే మా అత్త. రక్తసంబంధం ఏమీ లేదు. బాపట్ల దగ్గర సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్ల ఇంటి పిల్ల. నాన్న ఆవిడను చెల్లెమ్మా అని పిలిచేవారు, అందుకని నాకు అత్త అయింది. ఆ లెక్కన ఆవిడ కొడుకు నాకు బావ కావాలి. కానీ చిన్నప్పుడే నాన్న అడ్డుపడి, వాణ్ణి అన్నయ్యా అని పిలవమని తీర్పు చెప్పారు. ఇప్పటికీ అదే పిలుపు. అన్నయ్య చేపల వ్యాపారం చేస్తాడు. అతనికి నోరు కొంచెం ఎక్కువ.

అత్త జీవితంలో చెప్పుకోదగ్గ రాత్రి ఒకటుంది. రేపల్లెలో నాటకం. అత్త పెద్ద పద్యం ఎత్తుకుంది. సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు చచ్చింది, స్టేజీ మీద పక్కన నిలబడ్డవాళ్లు కూడా కనపడటం లేదు. వేరే ఎవరైనా అయితే ఆపేసి కరెంటు కోసం చూసేవారు. అత్త ఆపలేదు. అలల హోరుమీద పడవలోవాళ్లకు వినపడేలా కేకేసి పెరిగిన గొంతు అది. ఆ గొంతుతోనే పద్యం చివరిదాకా పాడి, రాగం తీసి, తాపీగా దించింది. జనంలో ఒక్కరు కూడా లేవలేదట. ఈ కథను అత్త చెప్పగా నేను ఎన్నోసార్లు విన్నాను. ఆవిడ ఇంట్లోవాళ్లు ఇంకా ఎక్కువసార్లు విన్నారు, అందుకే నమ్మడం మానేశారు.

"అమ్మ చెప్పిన ప్రతిసారీ రేపల్లెలో జనం పెరుగుతారు చెల్లెమ్మా. ఇంకో రెండేళ్లు ఆగితే జిల్లా మొత్తం వచ్చేస్తుంది" అనేవాడు అన్నయ్య.

అత్తకు గొంతు ఆపరేషన్ అయ్యాక ఈ వెటకారం బాధ పెట్టడం మొదలుపెట్టింది. మాట తిరిగి వచ్చింది కానీ పద్యం రాలేదు. పై స్థాయికి వెళ్లబోతే గాలి మాత్రమే బయటికి వస్తుంది. అలా పాడానని మళ్లీ పాడి చూపించే వీలు ఆవిడకు లేకుండా పోయింది. ఆవిడ మాటకు సాక్ష్యం ఏదైనా మిగిలి ఉంటే అది నాన్న క్యాసెట్లలోనే ఉండాలి.

ఉంది. నాన్న పోయాక క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే రేపల్లె నాటకం దొరికింది. కెమెరా బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి కరెంటు పోయినా ఆగలేదు. బొమ్మ పూర్తిగా నల్లబడింది, గొంతు మాత్రం ఉంది. నాన్న కెమెరా కట్టేయడం మరిచిపోయి వింటూ ఉండిపోయారని నాకు వెంటనే అర్థమైంది. మధ్యలో ఎవరో పక్కన మాట్లాడబోతే "ష్" అని గద్దించిన గొంతు ఆయనదే. షాపులో కూర్చుని ఆ ఒక్క శబ్దాన్ని వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. ఏడుపొచ్చింది, షాపుకు వచ్చినవాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు.

అప్పటికే మా షాపులో ఒక కంప్యూటర్‌ను మీడియా సర్వర్‌గా పెట్టాను. అంటే, వీడియోలన్నీ ఆ పెట్టెలో ఉంటాయి, ఏ ఊళ్లో ఎవరి టీవీలోనైనా ఇంటర్నెట్ మీద చూసుకోవచ్చు. తెనాలి, రేపల్లె, బాపట్లలో మిగిలిన ఆ నాటక సమాజం పెద్దవాళ్లందరి టీవీల్లోనూ నేనే పెట్టించాను. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎక్కడెక్కడివాళ్లో ఖాళీ సమయాల్లో రాస్తుంటారు. దాని పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడు మేం స్నేహితులం.

అత్త ఇంట్లో మొదటి ప్రదర్శనకు నేను స్వయంగా బాపట్ల వెళ్లాను. కొడుకు, కోడలు, చుట్టుపక్కలవాళ్లు అంతా టీవీ ముందు చేరారు. అత్త పట్టుచీర కట్టుకుంది. నాటకం మొదలైంది, రాణి వచ్చింది, పద్యం ఎత్తుకుంది. కరెంటు పోయింది, తెర నల్లబడింది.  అంతలో టీవీలో భళ్లున వెలుతురు వచ్చి, వేమూరులో జరిగిన ఎవరిదో పెళ్లి ప్రత్యక్షమైంది. పెళ్లికొడుకు మేనమామ బిర్యానీ ప్లేటులో ముక్క కోసం తీవ్రంగా వెతుకుతున్నాడు.

ఇల్లంతా ఒకటే నవ్వు. "జనం లేవలేదన్నావు కదమ్మా, భోజనాలకి లేచినట్టున్నారే" అన్నాడు అన్నయ్య.

అత్త నవ్వలేదు. నా వైపు తిరిగి, "మీ నాన్న తీసింది ఇంతేనా అమ్మాయ్?" అంది. లేదు అత్తా, మొత్తం ఉంది, ఈ మాయదారి సాఫ్ట్‌వేర్ దాటేసింది అన్నాను. వెనక్కి తిప్పుదామని చూస్తే, ఆ నాటకాన్ని "చూసేశారు" అని గుర్తుపెట్టి జాబితా అడుగున ఎక్కడో పడేసింది. వెతికి మళ్లీ పెట్టాను. మళ్లీ చీకటి, మళ్లీ బిర్యానీ. ఊళ్లో అందరి కంప్యూటర్లు బాగుచేసేదాన్ని, అంతమంది ముందు నా సొంత పెట్టె నా మాట వినకపోయేసరికి తల కొట్టేసినట్టయింది.

షాపుకు వచ్చి చూస్తే సంగతి తెలిసింది. సినిమా చివర తెర నల్లబడి పేర్లు వస్తాయి కదా. అక్కడ ప్రేక్షకుడు మీట నొక్కే శ్రమ పడకూడదని, తెర కాసేపు నల్లగా ఉంటే కథ అయిపోయిందని తేల్చేసుకుని తర్వాతి వీడియోకి దూకేలా దాన్ని రాశారు. పాపం, మంచి ఉద్దేశమే. కానీ రాసినవాళ్లకు మా ఊళ్ల సంగతి తెలియదు. ఇక్కడ చీకటి పడిందంటే కథ అయిపోయినట్టు కాదు, కరెంటు పోయినట్టు.

ఆ సదుపాయాన్ని కట్టేయడానికి ఒక మీట ఉంది. కట్టేశాను, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అత్త మళ్లీ పెట్టుకుని చూసేలోపే కొత్త వెర్షన్ వచ్చింది. అది వచ్చీ రాగానే నేను కట్టేసిన మీటను తనే తెరిచి కూర్చుంది. మళ్లీ కట్టేశాను. ఇంకో వెర్షన్, మళ్లీ తెరుచుకుంది. నేను చూసుకునేలోపే బాపట్ల నుంచి ఫోన్ వచ్చేది. "ఏంటమ్మాయ్, మళ్లీ బిర్యానీయే" అనేది అత్త. ఆ నాటకాల్లో హార్మోనియం వాయించిన మాస్టారు కూడా రేపల్లె నుంచి అంతే. "ఆ పెళ్లివాళ్లెవరో ఇప్పుడు మా ఇంట్లోవాళ్లలాగే అయిపోయారమ్మా" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. మా ఆయన మాత్రం, "నాతో ఎందుకు, ఆ సర్వర్‌తోనే నిఖా చేసుకోవాల్సింది. రోజంతా పోట్లాడుకునేవాళ్లు" అని ఏడిపించేవాడు.

పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకని మీరు అడుగుతారు. ఇచ్చాను. అత్త టీవీకి ఆ ఫైలు నచ్చలేదు. ఇంకోలా మార్చి ఇస్తే బొమ్మ వచ్చింది, గొంతు రాలేదు. ఇంకొంచెం కష్టపడితే వచ్చేదే. కానీ అత్త ఒప్పుకోలేదు. "నా ఒక్కదాని టీవీలో వస్తే సరిపోద్దా? ఆ రోజు స్టేజీ మీదున్న వాళ్లందరి ఇళ్లల్లో రావాలి. మాస్టారింట్లో రావాలి" అంది. నాకూ పంతం పట్టుకుంది.

అప్పుడు నాకో గొప్ప ఉపాయం తట్టింది. తెర నల్లగా ఉంటేనే కదా అది దూకేది? ఆ చీకటిమీద పద్యాన్ని తెల్లటి అక్షరాల్లో వేస్తే సరి. పాదం తర్వాత పాదం, గొంతు ఎలా సాగితే అక్షరాలు అలా వచ్చేలా కూర్చాను. చాలా అందంగా కుదిరింది. సర్వర్ దూకలేదు, నోరు మూసుకుని చివరిదాకా నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయి, మర్నాడే బాపట్ల రైలెక్కాను.

అత్త చూసింది. అక్షరాలు రాగానే, "ఆపు" అంది.

"ఏమైంది అత్తా? తప్పు పడిందా?"

"తప్పేం లేదు. అక్షరాలు తీసెయ్యి. అవుంటే చదువుతారు, ఇంకేం వింటారు? ఆ రోజు వాళ్లకి కనపడిందేం లేదు, అందుకే కదా విన్నారు."

"పోనీ మూలన చిన్న దీపం బొమ్మ పెట్టనా? దానికి ఏదో ఒక వెలుతురు కనపడితే చాలు."

"ఆ రోజు దీపం ఉందా?"

"లేదు."

"లేనిది పెడితే ఉన్నది కూడా నమ్మరమ్మాయ్. అసలే వీళ్లు" అని వంటింటివైపు చూసింది. అన్నయ్య అక్కడే ఉన్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అంత కష్టపడి చేస్తే మెచ్చుకోకపోగా వంకలు పెడుతుందని, పొన్నూరు దాటేదాకా రైల్లో కిటికీ వైపు తిరిగి గొణుక్కుంటూనే ఉన్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ, "ఇంట్లో ఏదైనా గొడవా తల్లీ?" అని అడిగింది. కాదు పిన్నిగారూ, సాఫ్ట్‌వేర్ అన్నాను. ఆవిడ సంచీ తీసుకుని కొంచెం అవతలికి జరిగింది. తెనాలి వచ్చేసరికి కోపం దిగింది, అత్త చెప్పిందే సబబనిపించింది. తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మార్చాల్సింది సాఫ్ట్‌వేర్‌నే. నాన్న తీసిన చీకటిని నేనెందుకు మార్చాలి?

ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు లోపాలు చెప్పుకోవడానికి ఇంటర్నెట్‌లో ఒక చోటు ఉంది. అక్కడికి వెళ్లి నాకొచ్చిన ఇంగ్లీషులో మొత్తం రాశాను. తెల్లారేసరికి జవాబు వచ్చింది. ఇది లోపం కాదు, ఇలా పనిచేయడమే దాని పద్ధతి, వద్దనుకుంటే మీట కట్టేసుకోండి, అని రాసి నా ఫిర్యాదును మూసేశారు. మూసేసిన ఫిర్యాదులు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. ఎవరో తండ్రి, కూతురి పుట్టినరోజున లైట్లు ఆర్పగానే వీడియో దూకేస్తోందని రాశాడు. ఇంకెవరో సూర్యగ్రహణం తీసుకుంటే సూర్యుడు మాయమవగానే అదీ మాయమైందట. ఏళ్ల తరబడి అందరూ మొత్తుకుంటున్నారు, అందరికీ అదే జవాబు. గోడకు చెప్పుకున్నా కనీసం నీడైనా ఉండేది.

మూసేస్తే ఊరుకుంటానా? మళ్లీ రాశాను. ఈసారి బతిమాలలేదు. "మీరు మొదటి చీకటి చూడగానే కథ అయిపోయిందని తీర్పు చెప్పేస్తున్నారు. ఆ చీకటి తర్వాత వెలుతురు మళ్లీ వస్తుందో లేదో ఫైలు చివరిదాకా ఒకసారి చూడండి. వస్తే కథ ఉన్నట్టే. మీ దగ్గర మొత్తం ఫైలు ఉంది, చూడటానికి మీకొచ్చిన కష్టమేంటి?" అని రాశాను. మీట కట్టేస్తే కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా తెరుచుకుంటోందని, కనీసం దాన్నైనా లోపమని ఒప్పుకోండని కూడా తగిలించాను. పుట్టినరోజు తండ్రి, గ్రహణం మనిషి వెంటనే వచ్చి నాకు వంత పాడారు. కొన్నాళ్లు అక్కడ పెద్ద రభస జరిగింది.

చివరికి ఫిర్యాదులు మూసే ఆ మనిషే దిగివచ్చాడు. ఆయనది ఏ దేశమో, ఏం వయసో నాకు ఇప్పటికీ తెలియదు. మాటలు కాదు, నమూనా పంపండి, నా దగ్గర పరీక్షించి చూస్తాను అన్నాడు. నాటకంలో ఆ ముక్క పంపాలంటే అత్త అనుమతి కావాలి కదా. ఫోన్ చేశాను.

"వాళ్లకి తెలుగొచ్చా?" అంది.

"రాదు అత్తా."

"వాళ్లు నేర్చుకునేదాకా ఆగుతామా ఏంటి? పంపు."

పంపాను. ఆయన దగ్గర నుంచి చాలా రోజులు ఏ కబురూ లేదు. ఇక పోయినట్టే అనుకున్నాను. తర్వాత ఒకరోజు చిన్న జవాబు వచ్చింది. పరీక్షించడానికి మొదటి కొన్ని క్షణాలు చాలునని, కానీ తాను పూర్తయ్యేదాకా విన్నానని, ఒక్క మాటా అర్థం కాలేదని రాశాడు. కింద, మీరు చెప్పింది నిజం, ఇది లోపమే, అని రాసి ఫిర్యాదును మళ్లీ తెరిచాడు. షాపులో ఎగిరి గంతేశాను. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

సరిచేసిన వెర్షన్ రాగానే బాపట్ల వెళ్లాను. మళ్లీ అంతా చేరారు. అన్నయ్య తలుపు దగ్గర నిలబడి, "బిర్యానీ వచ్చేవేళకి నన్ను పిలువు" అన్నాడు. అత్త ఈసారి పట్టుచీర కట్టుకోలేదు, మామూలు నేతచీరలోనే కూర్చుంది. తను బయటికి చెప్పలేదు కానీ భయపడుతోందని నాకు తెలుస్తోంది. నేనే రిమోట్ నొక్కాను.

రాణి పద్యం ఎత్తుకుంది. కరెంటు పోయింది. తెర నల్లబడింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను.

గొంతు ఆగలేదు. మైకు లేని ఆ గొంతు మొదట దూరంగా, సన్నగా వినిపించింది. తర్వాత పెరిగింది. జనంలో దగ్గులు, పిల్లల ఏడుపు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. పాదం తర్వాత పాదం పైకి వెళ్లింది, పైనే నిలబడింది, ఇంక ఊపిరి చాలదు అనుకున్న చోట ఇంకా సాగింది. కళ్లు తెరిచి చూస్తే నా పక్కన అత్త పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. రాగం దిగింది. ఆ తర్వాత చీకట్లోనే చప్పట్లు, ఈలలు, వన్స్ మోర్ అని అరుపులు. వాటి మధ్య కెమెరాకు అతి దగ్గరగా మా నాన్న గొంతు, "వాహ్ చెల్లెమ్మా" అంది.

అంతలో రేపల్లెలో కరెంటు వచ్చింది. నాన్న కెమెరాను స్టేజీవైపు కాకుండా జనంవైపు తిప్పారు. బహుశా ఆ చప్పట్లు ఎంతమందివో చూడాలనిపించి ఉంటుంది. ముందు చాపలమీద ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో మగవాళ్లు, ఇంకా వెనక గోడలెక్కి కూర్చున్నవాళ్లు. తెర ఈ చివర నుంచి ఆ చివరకు మనుషులే. ఖాళీ అయిన చాప ఒక్కటి లేదు.

అన్నయ్య తలుపు వదిలి లోపలికి వచ్చాడు. అత్త కాళ్ల దగ్గర నేలమీద కూర్చుని, "నువ్వు జనాన్ని తక్కువ చేసి చెప్పావమ్మా" అన్నాడు.  అత్త అతని తలమీద చెయ్యి వేసి, "ఇప్పుడు వేడి వేడిగా టీ పెట్టించు" అంది. ఆ సాయంత్రమంతా ఆవిడ నడకలో రాణి కనిపించింది. రేపల్లె నుంచి మాస్టారు ఫోన్ చేసి, హార్మోనియం శ్రుతి తప్పలేదు, గమనించావా అని నన్ను నిలదీశారు. గమనించాను మాస్టారూ అన్నాను.

నేనింకా నమ్మలేదు. ఆ సాఫ్ట్‌వేర్ నన్ను ఎన్నిసార్లు మోసం చేసిందో నాకు తెలుసు. కొత్త వెర్షన్ వస్తోందంటే గుండెలో రాయి పడేది. మొన్న అలాగే ఒక పెద్ద వెర్షన్ వస్తోందని ప్రకటించారు, లోపల చాలా మార్చేశామని గొప్పగా చెప్పుకున్నారు. అయిపోయింది, మళ్లీ మొదటికొచ్చింది అనుకున్నాను. చెప్పిన రోజు వచ్చింది, వెర్షన్ రాలేదు. ఏమైందా అని వెళ్లి చూశాను.

అక్కడ ఆ మనిషి రాసింది ఒకటికి రెండుసార్లు చదివాను. ఏ వెర్షన్‌నైనా బయటికి వదిలే ముందు పాత లోపాలు తిరిగొచ్చాయేమో వాళ్లు పరీక్షిస్తారట. ఆ పరీక్షల్లో మా నాటకం ముక్కను కూడా చేర్చాడు, దానికి రేపల్లె అని పేరు పెట్టాడు. ఈసారి అన్ని పరీక్షలూ నెగ్గాయి, రేపల్లె ఒక్కటి తప్పింది. అది నెగ్గేదాకా విడుదల ఆపేస్తున్నామని రాశాడు. కింద ఎన్నో దేశాలవాళ్లు, ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని తొందరపడుతూ అడుగుతున్నారు.

వెంటనే బాపట్లకు ఫోన్ చేశాను. "అత్తా, నీ పద్యం మధ్యలో తెగిపోతోందని, అది సరయ్యేదాకా కొత్త వెర్షన్ ఎవ్వరికీ ఇవ్వట్లేదు. అన్ని దేశాలవాళ్లూ ఎదురుచూస్తున్నారు" అన్నాను.

"మరి ఆగరా?" అంది అత్త. "పద్యం నడుస్తుంటే ఎవరైనా లేచి వెళ్లిపోతారా?"